గొడుగుల కోత

స్వాన్‌సీలో గాలివాన వెలిసిన పొద్దున
నేను కోతకు వెళ్తాను.

కొడవలి లేదు, చిన్న కత్తెర.
చేతులకు గిన్నెలు తోమే పసుప్పచ్చ తొడుగులు,
వీపున మావాడి పాత బడిసంచి.
బస్‌స్టేషన్ పక్క చెత్తడబ్బాలో
మూడు గొడుగులు తలకిందులుగా
తలా దోసెడు నీళ్లు పట్టుకుని ఉంటాయి.
సముద్రం ఒడ్డు రోడ్డు మీద ఇంకొకటి
రెక్క విరిగిన కాకిలా
లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది.
దాని వెంట పరిగెడుతుంటే
కుక్కను నడిపించే పెద్దమనిషి తల తిప్పుకున్నాడు.
తిప్పుకోనీ.
మొదట్లో నేనూ చుట్టూ చూసి గాని వంగేదాన్ని కాదు.
పరువు కూడా బట్టలాంటిదే, తడిస్తే ఆరుతుంది.

ఇంటికొచ్చాక స్నానాల తొట్టిలో సబ్బునీళ్లు.
ఉప్పు, ఇసుక, ఎవరిదో సిగరెట్టు మసి
అడుక్కి దిగుతాయి.
అప్పుడు కుట్లు విప్పాలి, ఓపిగ్గా,
చిక్కుడుకాయకు ఈనె తీసినట్టు.
గొడుగుకు ఎనిమిది ముక్కలు.
మెట్ల కమ్మీ మీద ఆరేస్తే
ఎవరి పెళ్లో తెలియని తోరణాలు.

ఊచలు పెరట్లోకి.
ఈ చలికి బీర ఎలాగూ కాయదు,
బఠానీ తీగ మాత్రం వంక పెట్టకుండా పాకుతుంది.
వంకీ పిడులు తలుపు వెనక వరసగా, కోట్లు తగిలించడానికి.
మా ఇంట్లో కోట్లున్నాయంటే అవే.

చివర్లకుండే ప్లాస్టిక్ బొడిపెలు
ఎందుకూ పనికిరావు.
నాలుగేళ్లుగా ఆవకాయ సీసాలో పోస్తున్నాను.
సీసా నిండింది. రెండోది మొదలెట్టాను.
సంతలో అడిగినవాళ్లకు ఆ సీసాల సంగతి చెప్పను.

గ్లెనిస్ ఒకప్పుడు తెరచాపలు కుట్టిందట.
మా గోడకు అవతలి గోడ ఆమెది.
నా మొదటి సంచి చూసి పెదవి విరిచి
మిషను ముందునుంచి నన్ను లేపింది.
"నీళ్లను నమ్మకు. మడిచి కుట్టు. మళ్లీ మడిచి కుట్టు."
అంతే, ఇంకో పాఠం చెప్పలేదు.
చేసిన టీ చల్లారేదాకా కుట్టి, తాగకుండానే వెళ్లింది.

శనివారం సంతలో నా బల్ల చివర్న.
పక్క బల్లమీద వెదురు బ్రష్షులు,
గిన్నెలు తోమడానికి కొబ్బరిపీచు, గోధుమరంగు కాగితంలో చుట్టి,
నాలుగు పౌన్లు.
నవ్వు ఆపుకోవడం
నేను నేర్చుకున్న మొదటి వ్యాపారం.

నవంబరులో ఒకాయన వచ్చాడు.
ఒక సంచి తీసుకుని తిప్పాడు, లోపలికి చూశాడు,
మళ్లీ తిప్పాడు.
ముదురు నీలం, తెల్ల చుక్కలు.
అంచు దగ్గర సూదిమొనంత చిల్లు,
దాని మీద ఎర్ర గోళ్లరంగు.
కడిగితే పోలేదు,
గీకడానికి మనసొప్పక వదిలేశాను.

"ఇది మాదే. పారేశాను."
పారేశారు కాబట్టే, అనబోయి ఆగాను.
డబ్బులొద్దన్నాను.
ఒప్పుకోలేదు.
"గొడుగుగా ఐదు పౌన్లకు కొన్నాం దీన్ని" అంటూ
ఎనిమిది పౌన్లు చిల్లరగా లెక్కపెట్టి
బల్లమీద దొంతి పెట్టాడు.
ఆ గోళ్లరంగు ఎవరిదో నేనడగలేదు.
ఆయన బొటనవేలు అంతసేపూ దానిమీదే ఉంది.

అప్పటికప్పుడు చినుకులు.
సంచిలో రొట్టె పెట్టి, మూతి గుప్పిట బిగించి
బట్టతల తడుపుకుంటూ వెళ్లాడు.
రొట్టె తడిసి ఉండదు.
కుట్టు నాది, పాఠం గ్లెనిస్‌ది.

రేపు గంటకు అరవై మైళ్ల గాలి అంటోంది రేడియో.
జనం గొడుగులు విరగాలని కోరుకోకూడదు.
కోరుకోను.
కత్తెర మాత్రం
సానపట్టి పెట్టుకుంటాను.